బంధాలలో గణితాన్ని దర్శించిన విదుషి: ఎమ్మీ నోథర్

కడప జిల్లాలో పెన్నా తీరాన ఉన్న చెన్నూరు వంటి ఊరికి ఒక కొత్త మనిషి వచ్చినప్పుడు పెద్దలు అతని ఎత్తునూ బరువునూ అడగరు. ఎవరి కుమారుడు, ఎవరి అల్లుడు, ఏ ఇంటికి వచ్చినాడు అని అడుగుతారు. ఆ నాలుగు బంధుత్వాలు తెలిస్తే మనిషి తెలిసినట్లే. ఒక వస్తువు లోపల ఏమున్నదో తరచి చూడడం ఒక తెలివి. తక్కిన వస్తువులతో దానికి గల సంబంధాలను బట్టి దానిని గుర్తించడం మరొక తెలివి. గణితశాస్త్రం చాలాకాలం మొదటి తెలివినే ఎక్కువగా నమ్ముకొన్నది. ఇరవయ్యో శతాబ్దిలో రెండవ తెలివిని గణితానికి అలవరచిన వారిలో అగ్రగణ్యురాలు జర్మనీ దేశపు ఎమ్మీ నోథర్. ఈనాడు గణితానికి పునాది కాగల శాస్త్రాలలో ఒకటిగా పండితులు పరిగణించే కేటగిరీ సిద్ధాంతం ఆమె మరణించిన పదేళ్లకు వెలువడింది. అయినను అది నడచి వచ్చిన బాట ఆమె వేసినదే.

ఎమ్మీ నోథర్ 1882వ సంవత్సరం మార్చి 23వ తేదీన జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించింది. తండ్రి మాక్స్ నోథర్ ఆ పట్టణపు విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడు. తల్లి పేరు ఇడా. తోబుట్టువులు ముగ్గురు తమ్ముళ్లు. వారిలో ఫ్రిట్జ్ కూడా గణితవేత్త అయినాడు. ఇంటినిండా గణితమే ఉన్నా, ఆనాటి మధ్యతరగతి ఆడపిల్లలకు లభించిన చదువే ఆమెకూ లభించింది. 1900లో ఆమె బాలికల పాఠశాలలలో ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలను బోధించడానికి కావలసిన పరీక్షలో ఉత్తీర్ణురాలైంది. ఉద్యోగం చేతికి అందే వేళ ఆమె దానిని వదలి గణితం వైపు తిరిగింది.

తిరగడం సులభమే, లోపలికి వెళ్లడం కష్టమైంది. స్త్రీలను చేర్చుకొంటే విద్యాలయపు క్రమమంతా తలక్రిందులవుతుందని ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయ పాలకులు 1898లో తీర్మానించి ఉన్నారు. కనుక ఆమె తరగతిలో కూర్చోవాలంటే ఒక్కొక్క ఆచార్యుని అనుమతి విడివిడిగా పొందవలసి వచ్చింది. అక్కడి 986 మంది విద్యార్థులలో స్త్రీలు ఇద్దరే. 1904లో నిబంధన సడలిన పిమ్మట ఆమె నిజమైన విద్యార్థినిగా నమోదైంది. 1907లో పాల్ గోర్డాన్ వద్ద పరిశోధన ముగించి, అత్యున్నత శ్రేణిలో డాక్టరేటు పొందింది. గోర్డాన్ లెక్కలు కట్టడంలో దిట్ట. ఆ గురువు బాటలోనే నడచి, ఆమె తన వ్యాసం చివర మూడువందలకు పైబడిన బీజీయ రూపాలను వరుసగా పేర్చింది. తరువాతి కాలంలో ఆ వ్యాసాన్ని ఆమె స్వయంగా తేలికచేసి మాట్లాడేది. అంత శ్రమలోనూ ఆ రూపాలు అట్లా ఎందుకున్నవో తెలియలేదు కదా అన్నది ఆమె అసంతృప్తి.

డాక్టరేటు వచ్చినా జీతం రాలేదు. 1908 నుండి 1915 వరకు ఏడేళ్లపాటు ఆమె ఎర్లాంగెన్‌లో వేతనం లేకుండా పనిచేసింది. తండ్రికి ఆరోగ్యం బాగులేని రోజులలో ఆయన పాఠాలు తానే చెప్పేది. ఆ కాలంలోనే, 1911లో ఎర్లాంగెన్‌కు వచ్చిన ఎర్నెస్ట్ ఫిషర్ అనే ఆచార్యుని సాంగత్యం వలన ఆమె దృష్టి మారింది. గాటింగెన్ నగరంలో డేవిడ్ హిల్బర్ట్ ఒక కొత్త రీతిని చూపి ఉన్నాడు. ఒక్కొక్క దానినీ లెక్కించి చూపనవసరం లేకుండా, అవన్నీ ఒక నియమానికి ఎందుకు లోబడతాయో తర్కంతో నిరూపించడం ఆ రీతి. ఎమ్మీ ఆ రీతిని తనదిగా చేసుకొన్నది.

1915లో హిల్బర్ట్, ఫెలిక్స్ క్లైన్ ఆమెను గాటింగెన్‌కు పిలిపించారు. ఐన్‌స్టైన్ సాపేక్షతా సిద్ధాంతంలో శక్తి నిత్యత్వాన్ని గూర్చి ఒక చిక్కు వారిని వేధిస్తున్నది. ఎమ్మీ దానిని విప్పడమే కాక, భౌతికశాస్త్రానికి మూలస్తంభం వంటి సూత్రాన్ని 1918లో నిరూపించింది. ప్రకృతి నియమాలలో ఎక్కడ ఒక అవిచ్ఛిన్నమైన సౌష్ఠవం ఉంటుందో అక్కడ మారని రాశి ఒకటి ఉంటుందని ఆ సూత్రపు సారాంశం. నేడు చేసిన ప్రయోగం రేపు చేసినా నియమం మారదు గనుక శక్తి నిత్యం. ఇక్కడ చేసినది అక్కడ చేసినా మారదు గనుక ద్రవ్యవేగం నిత్యం. పాఠశాలలో వేరువేరు పాఠాలుగా చదివే రెండు నిత్యత్వ నియమాలు ఆమె చూపులో ఒకే చెట్టు కొమ్మలైనవి. ఆ వ్యాసాన్ని గాటింగెన్ శాస్త్రపరిషత్తులో సమర్పించినవాడు మాత్రం క్లైన్. ఆమె ఆ పరిషత్తులో సభ్యురాలు కాదు.

ఆమెకు బోధనాధికారం ఇప్పించాలని హిల్బర్ట్ పట్టుపట్టినాడు. భాషాశాస్త్ర, చరిత్ర విభాగాల ఆచార్యులు కొందరు అడ్డుపడినారు. యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులు ఒక స్త్రీ పాదాల చెంత కూర్చుని చదవాలా అని వారి వాదం. విద్యాలయం స్నానఘట్టం కాదు గనుక స్త్రీ పురుష భేదం ఇక్కడ పనికిరాదని హిల్బర్ట్ బదులు చెప్పినాడట. 1917లో ప్రభుత్వం కూడ కాదన్నది. ఈ లోగా ఒక ఉపాయం నడిచింది. ప్రకటన పలకపై పాఠం హిల్బర్ట్ పేర ఉండేది. పాఠం చెప్పేది ఎమ్మీ. యుద్ధం ముగిసి రాజరికం పోయిన పిమ్మట 1919లో ఆమెకు బోధనాధికారం లభించింది. 1922లో ఆచార్య బిరుదు వచ్చింది, వేతనం లేకుండా. 1923లో బీజగణితం బోధించినందుకు కొద్దిపాటి పారితోషికం ఏర్పడింది. అప్పటికి ఆమె వయస్సు నలభై దాటింది.

ఆమె ముఖ్యమైన గ్రంథరచన ఈ కాలానిదే. ‘మథమాటిషె అన్నాలెన్’ అనే ప్రసిద్ధ గణిత పత్రికలో 1921లో ఆమె ప్రకటించిన వ్యాసం ఆధునిక బీజగణితానికి తొలి మెట్టు అని చెప్పవచ్చు. దాని సారాన్ని ఉన్నత పాఠశాల విద్యార్థి గ్రహించగలడు. 360 యొక్క గుణిజాలన్నీ ఒక కుప్పగా భావించాలి. 120 యొక్క గుణిజాల కుప్ప దానికంటె పెద్దది. మొదటి కుప్ప ఇందులో ఇమిడిపోతుంది. ఇది 24 గుణిజాల కుప్పలో, అది 8 గుణిజాల కుప్పలో, అది 4లో, 2లో, చివరకు 1 యొక్క గుణిజాలలో, అనగా పూర్ణసంఖ్యలన్నిటిలో, ఇముడుతుంది. అంతటితో సరి, ఇక పెరగడానికి తావులేదు. ఎక్కడ మొదలుపెట్టినా, ఏ దారిని పోయినా, ఇట్లా పెరిగే వరుస ఎక్కడో ఒకచోట ఆగితీరుతుంది. సంఖ్యలు ప్రధానాంకాలుగా విడిపోవడానికి ఈ ఆగడమే ఒక మూలకారణమని ఎమ్మీ గుర్తించింది. అంతటితో ఆగక, సంఖ్యలను పూర్తిగా పక్కన పెట్టింది. కూడికా గుణకారమూ క్రమంగా జరిగే ఏ వ్యవస్థలోనైనా, అట్టి వరుసలు ఆగుతాయన్న ఒక్క నియమం ఉంటే చాలు, ఆ విభజనకు దీటైనది అక్కడా సిద్ధిస్తుందని నిరూపించింది. సంఖ్యలకొక నిరూపణ, బహుపదులకొక నిరూపణ అనే శ్రమ తీరిపోయింది.

వస్తువును వదలి నిర్మాణాన్ని పట్టుకోవడం ఆమె పద్ధతి. రెండు వ్యవస్థలను పోల్చాలంటే ఒకదాని నుండి మరొకదానికి, కూడికను కూడికగా, గుణకారాన్ని గుణకారంగా నిలుపుతూ తీసుకొనిపోయే ప్రమేయాలను పరిశీలించాలని ఆమె బోధించింది. మూలకాల పేర్లు ఏవైనా కావచ్చు. ఆ ప్రమేయాలే వ్యవస్థల స్వభావాన్ని బయటపెడతాయి.

ఈ దృష్టి బీజగణితపు సరిహద్దు దాటింది. ఆకారాలను అధ్యయనం చేసే స్థానశాస్త్రంలో, అనగా టోపాలజీలో, ఒక గాజుకు రంధ్రం ఒకటి, పళ్లానికి రంధ్రం లేదు అన్నట్లు సంఖ్యలతో లెక్కించడం ఆనాటి వాడుక. 1925, 1926 ప్రాంతంలో ఆమె ఒక సూచన చేసింది. ఆ సంఖ్యలతో తృప్తిపడక, వాటి వెనుక ఉన్న సమూహాలనే పరిశీలించాలన్నది ఆ సూచన. సంఖ్యకు పరిమాణమే ఉంటుంది. సమూహానికి నిర్మాణం ఉంటుంది; ఒక ఆకారం నుండి మరొక ఆకారానికి పోయే దారి వారి సమూహాల మధ్య కూడ ఒక దారిగా కనబడుతుంది. రష్యా దేశస్థుడు అలెగ్జాండ్రోవ్, హైన్జ్ హోఫ్ ఆ మాట అందుకొన్నారు. తన పేరు పెట్టుకొనేందుకు ఆమె పట్టుబట్టలేదు.

ఉపాధ్యాయినిగా ఆమె రీతి విలక్షణమైనది. ఆమె ఉపన్యాసం వేగంగా, వరుస తప్పుతూ సాగేదని, కొత్తవారికి అందేది కాదని సమకాలికులు చెప్పినారు. కాని ఆమె సిద్ధమైన పాఠాన్ని వల్లించేది కాదు. విద్యార్థుల ఎదుట నిలిచి ఆలోచించేది. ఓపిక పట్టినవారికి గణితం పుట్టే క్షణం కనబడేది. ఒక సెలవు దినాన విద్యాలయపు తలుపులు మూసి ఉంటే, మెట్ల వద్ద చేరిన విద్యార్థులను వెంటబెట్టుకొని, అడవిదారిన చర్చిస్తూ కాఫీ దుకాణం దాకా నడిపించుకొని పోయింది. ఆమె చుట్టూ చేరిన యువకులను నోథర్ పిల్లలని గాటింగెన్ వారు పిలిచేవారు. హాలెండు నుండి వాన్ డెర్ వేర్డెన్ వచ్చినాడు. 1930, 1931 సంవత్సరాలలో అతడు ప్రచురించిన ఆధునిక బీజగణిత గ్రంథం ఆమె పాఠాలను, ఎమిల్ ఆర్టిన్ పాఠాలను లోకమంతటా చేర్చింది. జపాను నుండి షోదా, చైనా నుండి త్సెన్ వచ్చి ఆమె వద్ద చదివి తమ దేశాలకు ఆ విద్యను కొనిపోయినారు.

1932లో జ్యూరిచ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ గణితవేత్తల మహాసభలో ఆమె ప్రధానోపన్యాసం చేసింది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమె. మరుసటి వత్సరమే ఆ వెలుగు ఆరింది. 1933 ఏప్రిల్‌లో నాజీ ప్రభుత్వం యూదులను ప్రభుత్వ కొలువుల నుండి తొలగించే శాసనం చేసింది. గాటింగెన్‌లో మొదట వేటు పడినవారిలో ఎమ్మీ నోథర్ ఒకతె. ఆమె కలత చెందినట్లు కనబడలేదు. విద్యార్థులను తన ఇంటికే రమ్మని పాఠం కొనసాగించింది. నాజీ దళపు దుస్తులు తొడుక్కొని వచ్చిన విద్యార్థికి సైతం పాఠం చెప్పింది. ఆ నెలలలో ఆమె ధైర్యం తమకందరకూ ఓదార్పు అయినదని హెర్మాన్ వైల్ అనంతరం స్మరించినాడు.

ఆ ఏటి చివర ఆమె అమెరికా చేరి, బ్రిన్ మార్ మహిళా కళాశాలలో బోధన ప్రారంభించింది. 1934 నుండి వారానికొకసారి ప్రిన్‌స్టన్‌కు వెళ్లి ఉపన్యసించేది. ఈ సుఖం రెండేళ్లయినా నిలువలేదు. 1935 ఏప్రిల్‌లో శస్త్రచికిత్స జరిగిన నాలుగు రోజులకు, 14వ తేదీన, యాభై మూడవ ఏట ఆమె కన్నుమూసింది. ఆమె చితాభస్మాన్ని ఆ కళాశాల గ్రంథాలయపు ఆవరణలో నడవా క్రింద నిక్షేపించారు. రష్యాలో ఆశ్రయం పొందిన తమ్ముడు ఫ్రిట్జ్‌ను 1941లో అక్కడి ప్రభుత్వమే కాల్చి చంపించింది.

ఆమె విద్య మాత్రం ఆగలేదు. 1931 నుండి 1933 వరకు గాటింగెన్‌లో చదివి, ఆమె ఉపన్యాసాలు విన్న అమెరికా యువకుడు సాండర్స్ మాక్‌లేన్. 1939లో పోలండు నుండి అమెరికాకు తరలివచ్చిన టోపాలజీ పండితుడు శామ్యూల్ ఐలెన్‌బర్గ్. 1941లో వీరు కలిసినప్పుడు, బీజగణితంలో ఒకరు చేసిన లెక్క, టోపాలజీలో మరొకరు చేసిన లెక్క ఒకటిగా తేలినవి. ఇది కాకతాళీయం కాదని గ్రహించి, 1945లో వారు కేటగిరీ సిద్ధాంతాన్ని ప్రకటించారు. ఆకారాలనూ, వాటి మధ్య దారులనూ, సమూహాలుగా, వాటి మధ్య దారులుగా మార్చే క్రియకు ఫంక్టర్ అని పేరు పెట్టినారు. ఎమ్మీ నోథర్ నాడు చేసిన సూచనకు ఇది పూర్ణరూపం.

కేటగిరీ అంటే కొన్ని వస్తువులు, ఒక వస్తువు నుండి మరొక వస్తువుకు పోయే బాణాలు. చెన్నూరు నుండి మైదుకూరుకు, మైదుకూరు నుండి ప్రొద్దుటూరుకు, ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగుకు ప్రయాణాలను బాణాలుగా భావించవచ్చు. రెండు ప్రయాణాలను జతచేస్తే ఒక ప్రయాణం అవుతుంది. మొదటి రెండింటిని ముందు కలిపి మూడవదాన్ని చేర్చినా, చివరి రెండింటిని ముందు కలిపి మొదటిదానికి చేర్చినా ఫలితం ఒక్కటే. ఉన్న ఊళ్లోనే ఉండిపోవడం కూడ ఒక ప్రయాణమే; దానిని దేనితో జతచేసినా మార్పు రాదు. కేటగిరీకి కావలసిన నియమాలు ఇంతకు మించి లేవు.

ఇంత స్వల్పమైన నియమాల నుండి ఏమి పండుతుందో తరగతి గదిలోనే చూడవచ్చు. 1, 2, 3 మొదలైన సంఖ్యలు వస్తువులు కానీ; ఒక సంఖ్య మరొకదానిని నిశ్శేషంగా భాగిస్తే మొదటి దాని నుండి రెండవదానికి ఒక బాణం ఉన్నదనుకోవాలి. 12కు, 18కి రెండింటికీ బాణాలు వేసే సంఖ్యలు 1, 2, 3, 6. వీటిలో తక్కినవన్నీ 6కు బాణాలు వేస్తాయి. కనుక 6 వాటికి గరిష్ఠ సామాన్య భాజకం. బాణాలన్నిటినీ వెనుకకు త్రిప్పి అదే మాట చెప్తే 36 వస్తుంది; అది కనిష్ఠ సామాన్య గుణిజం. గ.సా.భా., క.సా.గు. అని పిల్లలు రెండు పాఠాలుగా నేర్చేవి ఒకే పాఠపు రెండు ముఖాలని తేలుతుంది. ఇక్కడ 6 లోపల ఏమున్నదని ఎవరూ అడుగలేదు; బాణాలే దానిని పట్టి ఇచ్చినవి.

ఇది పునాదుల ప్రశ్న ఎట్లా అయినదో కూడ తెలుసుకోదగినది. కాంటర్ సృష్టించిన సమితి సిద్ధాంతంలో 1901లో రస్సెల్ ఒక వైరుధ్యాన్ని కనిపెట్టినాడు. 1908లో జెర్మెలో దానికి స్వీకృతాలను కూర్చి చక్కదిద్దినాడు. నాటి నుండి గణితంలోని సమస్తమూ సమితులే అన్న భావం పాతుకొన్నది. అప్పుడు సంఖ్యలను కూడ సమితులుగా నిర్మించాలి. జెర్మెలో ఒక రీతిని నిర్మించినాడు. వాన్ నాయ్‌మన్ మరొక రీతిని నిర్మించినాడు. 1 అనేది 3లో ఒక మూలకమా అని అడిగితే జెర్మెలో రీతిలో కాదు, వాన్ నాయ్‌మన్ రీతిలో అవును. కూడికలు, గుణకారాలు రెండింటిలోనూ ఒకటే. అంటే ఆ ప్రశ్న సంఖ్యలను గూర్చినది కాదు, కట్టిన తీరును గూర్చినది మాత్రమే. ఐలెన్‌బర్గ్ శిష్యుడు విలియం లావ్‌వియర్ 1964లో సమితులను మూలకాలతో కాక, వాటి మధ్య ప్రమేయాలతోనే స్వీకృతపరచి చూపినాడు. ఏ సమితి నుండి అయినా దేనికి ఒకే ఒక్క ప్రమేయం ఉంటుందో అది ఏకమూలక సమితి. అతని పద్ధతిలో ఒకటికి అదే నిర్వచనం. 1966లో వెలువడిన వ్యాసంలో కేటగిరీల కేటగిరీయే గణితానికి పునాది కాగలదని ప్రతిపాదించినాడు. సమితుల పునాది తొలగిపోలేదు. నేటికీ ఎక్కువమందికి అదే వాడుక. అయినను పునాది ఒక్కటే ఉండనక్కరలేదని, సంబంధాల మీద కూడ గణిత సౌధాన్ని నిలుపవచ్చునని తేటపడింది.

ఆమె పేరు పునాదుల గ్రంథాలలో అరుదుగా కనబడుతుంది. కాని ‘మథమాటిషె అన్నాలెన్’ సంపుటాలు ఆమె శ్రమకు సాక్షి. ఎన్నో ఏళ్లు ఆ పత్రికకు వచ్చిన వ్యాసాలను ఆమె పరిశీలించి దిద్దింది. సంపాదకుల జాబితాలో ఆమె పేరు ఎన్నడూ ముద్రింపబడలేదు. అదే పత్రికలో 1964, 1965 సంవత్సరాలలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. ఎల్. ఎన్. స్వామి క్రమబద్ధ బీజగణిత నిర్మాణాలను గూర్చి వ్యాసాలు ప్రకటించారు. గాటింగెన్‌లో జీతంలేని ఒక ఉపాధ్యాయిని చూపిన దారి తెలుగునాటికి అట్లా చేరింది.

ఎమ్మీ నోథర్ జీవితంలో పదవి ఆమెకు ఇచ్చినది స్వల్పం. ప్రకటన పలకమీద మరొకరి పేరు, పరిషత్తులో మరొకరి గొంతు, పత్రిక మీద ఇతరుల పేర్లు. ఆమెకు మిగిలినది విద్యార్థులు. బంధాలే వస్తువును నిర్ణయిస్తాయని బోధించిన ఆమెను లోకం గుర్తించినదీ శిష్యుల ద్వారానే. పెరిగే వరుసలు ఆగితీరే వ్యవస్థలకు గణితవేత్తలు ఆమె పేరే పెట్టినారు. బి.యస్‌సి. తరగతి దాటి బీజగణితం చదివే ప్రతి విద్యార్థి నోథీరియన్ వలయం అనే మాటను నేర్చుకొంటాడు. ఒక మనిషి పేరు విశేషణమై, ఒక భావానికి పేరైపోవడం అరుదు. అంతటి పేరు గల ఆమెకు సొంత దేశంలో స్థిరమైన ఉద్యోగం ఏనాడూ లభించలేదన్న సంగతి, ఆ మాటను బోధించే రోజున ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు చెప్పదగినది.